మెహమాన్ల నీళ్లు

మా గల్లీలో చలికాలం దగ్గుతో మొదలవుతుంది. తెల్లారేసరికి గాలి ఆగిపోతుంది. మందుల ఫ్యాక్టరీ గొట్టం వదిలిన వాసన పైకి పోవడానికి బద్ధకించి మా రేకుల మీదే కూర్చుంటుంది. కుళ్లిన కోడిగుడ్డు, కాలిన ప్లాస్టిక్, ఆ రెండింటి మధ్య ఎక్కడో కొంచెం తియ్యదనం. నాకు భయం వేసేది ఆ తియ్యదనానికే. పూర్తిగా చెడ్డ వాసనైతే మనిషి ముక్కు మూసుకుంటాడు. కొంచెం బాగుంటే ఏమిటా అని ఇంకోసారి పీలుస్తాడు.

ఊరి పేరు చెప్పను. చెబితే కిరాయిలు ఇంకా పడిపోతాయి. షాద్‌నగర్ వైపు, మహబూబ్‌నగర్ పోయే రైలు పట్టాలకూ పెద్ద రోడ్డుకూ నడుమ ఒక గల్లీ అనుకోండి. ఎక్కువమందిమి దూదేకులవాళ్లం, చివర నాలుగు గొల్లోళ్ల ఇండ్లు. మా నాయిన పరుపులు కుడతాడు. ఫ్యాక్టరీ ముందా మేం ముందా అంటే మేమే ముందు. కానీ ఫ్యాక్టరీ కోసం గీసిన పటంలో మా గల్లీ ఉన్నచోట ‘ఖాళీ జాగా’ అని రాసి ఉంది. మాకు ఇంటి నంబర్లు లేవు కనుక మేం ఉంటున్నవి ఇండ్లు కావట. ఓట్ల జాబితాలో మాత్రం చనిపోయిన తాతతో సహా అందరం ఉన్నాం.

పటం సంగతి నాకెలా తెలుసంటే, టౌన్లో జిరాక్స్ సెంటర్లో పని చేస్తాను. చట్టం నాకు మిషన్‌లోంచి వేడివేడిగా దిగుతూ పరిచయమైంది. ఒక వకీలు లావుపాటి కట్ట ఇచ్చిపోయాడు. కాగితం ఇరుక్కున్నప్పుడల్లా లాగుతూ చదివాను. ఫ్యాక్టరీని పెంచాలంటే ముందు చుట్టుపక్కల జనాన్ని కూర్చోబెట్టి వాళ్ల మాట వినాలట. నీళ్లు చెడిపోయాయని దరఖాస్తు పెడితే ఆఫీసర్లు వచ్చి నీళ్లు పట్టుకెళ్లి పరీక్ష చేయించాలట. చెడ్డవని తేలితే పెంచడం ఆగాలి, మాకు మంచినీళ్ల పైపు రావాలి. మా గురించి ఇంత ఆలోచించినవాళ్లు ఎక్కడో ఉన్నారని తెలిసి కొంచెం సిగ్గేసింది. మేం ఉన్నామన్న సంగతి ఒక్కటే వాళ్లకు తెలియదు.

ఆ వారమే దరఖాస్తు పెట్టాను. తొందర అక్క వల్ల.

అక్కకు అంతకుముందు ఏడాది మొదటి కాన్పు. ఆనవాయితీ ప్రకారం ఏడో నెలలో పుట్టింటికి తెచ్చుకున్నాం. ఎనిమిదో నెలలో మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయాం. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఎంతమంది పోయామో అంతమందిమే వచ్చాం. అక్కడి డాక్టరమ్మ కాగితాలు చూస్తూ, తల ఎత్తకుండా, “ఏం నీళ్లు వాడుతరు మీ ఇంట్ల?” అని అడిగింది. నాయిన “బోరు నీళ్లు” అన్నాడు. ఆమె ఇంకేమీ అనలేదు. అనకుండా ఊరుకోవడమే మా ఇంట్లో ఏడాది పాటు వినబడుతూ ఉండింది.

తాగడానికి క్యాన్లు తెచ్చేవాళ్లం. స్నానానికి, వంటకు, బట్టలకు, బోళ్లకు మాత్రం బోరే. క్యాన్లు నింపే షెడ్డు బోరు మా బోరుకు కూతవేటు దూరంలోనే ఉందని తర్వాత తెలిసింది. బోరు నీళ్లు బకెట్లో కాసేపు ఉంచితే అడుగున పసుపు పేరుకునేది. నాయిన ఉతికించిన దిండు గలీబులు హల్దీ ఫంక్షన్‌కు పోయొచ్చినట్టు ఉండేవి. గొల్ల కాక గొర్రెలు మా తొట్టి దగ్గరకు వచ్చి, వాసన చూసి, వెనక్కి తిరిగిపోయేవి. గొర్రెలకు చట్టం తెలియదు కనుక పరీక్ష అక్కడికక్కడే చేసుకుంటాయి.

ఇప్పుడు అక్కకు మళ్లీ నెల తప్పింది. ఏడో నెల దగ్గరకొస్తోంది. బావ ఫోన్లో తేల్చేశాడు.

“మామా, కోపం తెచ్చుకోకు. గా నీళ్ల సంగతి తేలేదాంక ఆమెను ఆడికి పంపియ్యను.”

నాయిన కోపం తెచ్చుకోలేదు. ఫోన్ పెట్టేసి, సూదిలో దారం ఎక్కించబోయాడు. ఎక్కలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. నేనే తీసుకుని ఎక్కించి ఇచ్చాను. అంటే ఆ పైపు రావడం, అక్క ఇంటికి రావడం ఒకటే పని అయిపోయింది.

దరఖాస్తు పెట్టిన ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. మర్నాడు పొద్దున పదింటికి ఇంజినీరు సారు వస్తారు, నీళ్లు పడతారు. నేను గెలిచినంత పని చేశాను. మసీదులో మైకు అడిగి నేనే చెప్పాను: “రేపు పొద్దుగాల ఆఫీసర్లు మన గల్లీకి వస్తున్నరు. అందరు ఇండ్లకాడనే ఉండున్రి.” ఎందుకు వస్తున్నారో చెప్పలేదు. అందరికీ తెలుసనుకున్నాను. మైకులో నా గొంతు బాగా వచ్చిందని ఇద్దరు మెచ్చుకున్నారు కూడా.

పదింటికి నేను బండేసుకుని పెద్ద రోడ్డు మీద నిలబడ్డాను, జీపుకు దారి చూపడానికి. పదకొండైంది. జీపు రాలేదు. పదకొండున్నరకు గొల్ల కాక ఫోన్ చేశాడు.

“ఎక్కడున్నవ్‌రా?”

“సారు కోసం నిలబడ్డ కాకా.”

“సారు వచ్చి గంటైంది. పట్టాల పక్క తొవ్వల వచ్చిండు. ఛాయ్ గూడ తాగిండు. నువ్వే రాలే.”

గల్లీలోకి రాగానే తేడా తెలిసింది. మోరీల పక్కన సున్నం చారలు. ప్రతి గడప ముందూ నీళ్లు చల్లి ఊడ్చారు. ఎవరో ఊదు వేశారు. మా గల్లీ ఇంత శుభ్రంగా ఉండగా చూడటం నాకు అదే మొదలు. మా ఇంటి ముందు, గల్లీ అందరికీ కలిపి బోరు నీళ్లు నింపే నల్ల ట్యాంకు తళతళలాడుతోంది. దాని నల్లా దగ్గర ఇంజినీరు సారు సీసాకు లక్క సీలు వేస్తున్నాడు. సీసాలో నీళ్లు అద్దంలా ఉన్నాయి. అంత మంచి నీళ్లు మా గల్లీలో పుట్టే అవకాశం లేదు.

“అవ్వా, ట్యాంకుల ఏం నీళ్లు?” నాయనమ్మను అడిగాను.

“ట్యాంకర్ నీళ్లురా. పెండ్లిలకు పోస్తడు సూడు, ఆయన్ని పిలిపిచ్చిన. పొద్దుగాలనే ట్యాంకు కడిగిపిచ్చి నింపిపిచ్చిన.”

“ఎందుకు?”

అవ్వ నన్ను పిచ్చివాడిని చూసినట్టు చూసింది. “మెహమాన్లొస్తే గా పచ్చ నీళ్లతోని చేతులు కడిగిపిస్తమా? ఇజ్జత్ ఉండాల్నా వద్దా? మంచిగనే ఉన్నయని సారు గూడ మొఖం కడుక్కున్నడు.”

“వాళ్లు నీళ్లు చూడనీకే వచ్చిన్రు అవ్వా.”

“నీళ్లేం చూస్తరు? ఫ్యాక్టరీ చూడనీకి వచ్చిన్రనుకున్న.”

ఇంజినీరు సారుకు అంతా చెప్పాను. ఆయన ఓపికగానే విన్నాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు కొంత సుఖంగా ఉండేది.

“బోరు మోటరేస్తే మళ్ల పట్టుకుంట తమ్మీ.”

“కరెంటు ఒంటిగంటకు వస్తది సార్.”

“నాకింకా రెండు ఊర్లున్నయి. సీల్ ఏసినంక ఇప్పితే నౌకరి పోతది. బోరు, ట్యాంకు ఒకటే లైను గదా? కాయితం మీద గదే రాసిన. సాక్షి సంతకం గూడ అయిపోయింది.”

సాక్షి మా నాయిన. సంతకం కోసం చేతులు కడుక్కుని, కొత్త చొక్కా వేసుకుని మరీ వచ్చాడట. కాగితం మీద ఆయన పేరు ఎప్పటికంటే పెద్ద అక్షరాలతో ఉంది.

“మళ్ల దరఖాస్తు పెట్టుకో,” అన్నాడు సారు జీపెక్కుతూ. అవ్వ ఆయనకు దారిలో తాగమని ఒక సీసా నిండా నీళ్లు ఇచ్చింది. ఆ నీళ్లే.

రెండో దరఖాస్తు పెట్టాను. రసీదు వచ్చింది, మనుషులు రాలేదు. ఈలోపు ప్రజల మాట వినే రోజు వచ్చేసింది. ఫ్యాక్టరీ గేటు లోపల శామియానా వేశారు. మాకు ముందు వరుసలో కుర్చీలు. వెనక ఎక్కడో బగారా అన్నం ఉడుకుతోంది. ఆ రోజు గొట్టం నుంచి పొగ లేదు. గొట్టం కూడా ట్యాంకు కడిగినట్టు కడిగి పెట్టుకున్నారేమో అనిపించింది.

వేదిక మీద ఆఫీసర్ల పెద్ద సారు మా నీళ్ల రిపోర్టు చదివాడు. ఫలానా పరిమితికి లోబడి, ఫలానా పరిమితికి లోబడి. చివర్లో, బోరు నీరు వాడకానికి యోగ్యం. సాక్షి అని నాయిన పేరు చదివారు. నాయిన నా పక్కనే కూర్చున్నాడు. పేరు వినబడగానే అలవాటుగా సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు.

“ఎవరైనా మాట్లాడుతరా?”

నేను లేచాను. ఏడుస్తూ చెప్పేవాళ్లను వేదిక మీది సార్లు రోజూ చూస్తారు, నవ్విస్తే వింటారని లెక్కేసుకున్నాను. “సార్, మీరు చదివిన నీళ్లు మాయి కావు,” అన్నాను. “అవి పెండ్లి నీళ్లు. మెహమాన్లని పోసినం, మీరు పట్కపోయి పరీక్ష చేసిన్రు. మా అవ్వ మర్యాద పాసైంది సార్. మా బోరు ఇంకా పరీక్షకే కూసోలే.” శామియానా అంతా నవ్వింది. పెద్ద సారు నవ్వాడు. ఫ్యాక్టరీ మేనేజరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మా గల్లీ వాళ్లు అందరికంటే గట్టిగా నవ్వారు. ఊపు మీద గొర్రెల సంగతి, గలీబుల సంగతి, పటంలో ఖాళీ జాగా సంగతి కూడా చెప్పేశాను. దేనికీ నవ్వు తగ్గలేదు. ఒక్క నాయిన నవ్వలేదు.

రెండు వారాలకు ఆ సభ కాగితం మా జిరాక్స్ సెంటర్‌కే వచ్చింది. ఇరవై ప్రతులు తీయమన్నారు. మొదటి ప్రతి చదివాను. ‘స్థానిక యువకుడొకరు నీటి విషయమై మాట్లాడగా సభ్యులు ఆసక్తిగా విన్నారు. సభ ఆహ్లాదకర వాతావరణంలో ముగిసింది. తీవ్ర అభ్యంతరాలు రాలేదు.’ మిగతా పంతొమ్మిదీ తీసి ఇచ్చాను. ఒక్కటి కూడా ఇరుక్కోలేదు.

రిపోర్టు సంగతి బావకూ చేరింది. ఆ శుక్రవారమే సంచులతో, మిఠాయి డబ్బాతో అక్కను తీసుకుని దిగాడు. అతని ముఖంలో పెద్ద బరువు దించుకున్న సంతోషం. వాళ్లమ్మకు మోకాళ్ల నొప్పులు, ఇంట్లో చేసేవాళ్లు లేరు. అక్క మా దగ్గర ఉంటేనే అందరికీ వీలు.

“కాయితం వచ్చిందంట గద మామా. నీళ్లు మంచిగనే ఉన్నయంట. ఇగ ఫికర్ లేదు.”

అక్క అప్పటికే లోపలికి పోయి, తన పాత మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. “అమ్మయ్య,” అనడం నాకు వినబడింది. అవ్వ ఆమె కాళ్లు కడగడానికి చెంబు తీసుకుని ట్యాంకు దగ్గరకు పోయింది. నల్లా తిప్పింది. చెంబులోకి చూసింది. అవే పచ్చ నీళ్లు.

నాయిన వాకిట్లో ఉన్నాడు. ముందున్న పరుపులో సూది గుచ్చి ఆపాడు.

“అల్లుడా,” అన్నాడు, “బిడ్డను తీస్కపో.”

బావ నవ్వాడు. మా ఇంట్లో జోకులు నేనే వేస్తానని అతనికి తెలుసు, నాయిన కూడా మొదలుపెట్టాడనుకున్నాడు. “ఏంది మామా, సంతకం నీదే గదా కాయితం మీద?”

“నాదే. గా సంతకం అబద్ధం. తీస్కపో.”

“ఏడో నెల్ల పుట్టింటికి తెచ్చి, పుట్టింటోళ్లే పొమ్మన్నరంటే మావోళ్లేమంటరు?”

“ఏమన్న అననీ. మీ అమ్మకు చేతగాకుంటే మా అవ్వను పంపుత. ఈడ మాత్రం వద్దు.”

అక్క గడపలోకి వచ్చి నిలబడింది. ఏదో ఒకటి అను అన్నట్టు నా వైపు చూసింది. వాకిట్లో గాలి తేలికవ్వాలంటే ఎవరో ఒకరు జోకు వేయాలి, ఆ పని ఎప్పుడూ నాదే. “బావా,” అన్నాను, “ఎట్లొచ్చిన్రో గట్లనే పోన్రి, సంచులన్న ఇప్పే పని తప్పింది.” అక్క ఒక్క క్షణం నవ్వబోయి, గడప పట్టుకుని ఏడ్చేసింది. అవ్వ చెంబులోని నీళ్లు మోరీలో పారబోసి, తన సంచి సర్దుకోవడానికి లోపలికి పోయింది.

ఆటో గల్లీ దాటుతుంటే గడప గడపకూ ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు. ఏడో నెల కడుపుతో ఉన్న బిడ్డ పుట్టింటికి రావడం చూశారు గానీ, పుట్టింటి నుంచి పోవడం ఎవరూ చూసి ఉండరు. ఆ తర్వాతి నెల గొల్ల కాక కోడలు కూడా నెల తప్పగానే తన పుట్టింటికి పోయింది. ఆమె తర్వాత మూలింటి అమ్మాయి, కాన్పుకు రావలసింది, రాలేదు.

అక్కకు కొడుకు పుట్టాడు. అక్కడే. ఇక్కడికి ఇంకా తీసుకురాలేదు. ఫోటోలో చూస్తే ముక్కు నాది.

మొన్న ఆశా వర్కరు రిజిస్టరు పట్టుకుని మా గల్లీకి వచ్చింది. ఎండకు వాకిట్లో కూర్చుని, కడుపుతో ఉన్నవాళ్ల పేర్లు రాసే పేజీ తీసింది. ఖాళీగా ఉంది. ఫ్యాక్టరీలో రెండో గొట్టం కడుతున్న చప్పుడు ఆగి ఆగి వస్తోంది.

“ఏంది పెద్దాయినా, మీ గల్లీల కడుపుతోని ఒక్కరు గూడ లేరా?” అని నాయినను అడిగింది. నాయిన పరుపు మీద నుంచి తల ఎత్తలేదు.

“ఉన్నరు బిడ్డా,” అన్నాడు. “ఈడ ఉంటలేరు.”

ఆమె ఆ పేజీలో ఎవరూ లేరని ఒక అడ్డగీత గీసి, కింద మా నాయిన సంతకం అడిగింది. నాయిన పెట్టలేదు.