కటకం కట్టలో మూడో కార్డు

“కటకం కట్టలో మూడో కార్డు ఏదే?”

“నాకేటి తెలుసు. మీ కార్డులు మీరే సూసుకోండి.”

మా ఆయనా నేనూ చివరిగా అనుకున్న మాటలివి. మిట్టమధ్యాహ్నం, తుఫాను గాలి. బరంపురం గోసాని నువాగాం పేటలో మా గుమ్మంలో తడిసి ముద్దై నిలబడి అడిగారు. నేను పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పలేదు.

ఒరిస్సా కొత్తగా రాష్ట్రమైన రోజులు. ఆయన బరంపురం ట్రంకు ఆఫీసులో ఫోన్లు కలిపేవారు. అంతవరకు మద్రాసు వైపు చూసిన ఊరు కొత్త రాజధాని కటకం వైపు తిరిగింది. అటు మాట్లాడేవాళ్లు ఎక్కువయ్యారు. ఆఫీసులో ఫోను దారులు రాసిన కార్డులు తీగల వారీగా ఉండేవి. ఒక తీగ తెగితే ఇంకో దారి కోసం కార్డులన్నీ తిరగెయ్యాలి. ఆయన వాటిని చేరే ఊరి వారీగా మార్చారు. కటకం వెళ్లే దారులన్నీ ఒకే కట్ట. మొదటిది గంజాం మీదుగా తిన్నగా. అది పలక్కపోతే రెండోది. అదీ కాకపోతే మూడోది, ఆస్కా మీదుగా చుట్టు. ఏ ఆఫీసు తర్వాత ఏ ఆఫీసును అడగాలో కార్డు మీదే ఉండేది.

నాకు అక్షరాలు కూడబలుక్కునేంత చదువు. ఆ కార్డులు ఇంటికి తెస్తే కట్టలకు దారాలు నేనే కట్టేదాన్ని. “నిన్ను ఆఫీసులో పెడితే ఊళ్లన్నీ దారంతో కట్టేత్తావు” అని నవ్వేవారు.

మా పుట్టింటిది టోకు వ్యాపారం. గోదాములో బస్తాను చేరే ఊరిని బట్టి పెట్టరు, ఎక్కే బండిని బట్టి పెడతారు. ఆస్కా బండి ఎక్కే సరుకు ఎంత దూరం పోయేదైనా ఆస్కా వరసలోనే. ఆ మూడో కార్డు మీద మొదటి పేరు ఆస్కా. నేను దాన్ని ఆస్కా కట్టలో పెట్టాను.

తుఫానుకు రుషికుల్య నది దగ్గర స్తంభాలు పడి మొదటి దారి తెగింది. రెండో దారీ పలకలేదు. కటకానికి కబురు వెళ్లి తీరాలి. కట్ట విప్పితే మూడో కార్డు లేదు. ఇంట్లో ఉండిపోయిందేమోనని ఆయన పరుగెత్తుకొచ్చారు. కార్డులు తెచ్చే పెట్టె వెతుక్కుని ఒట్టి చేతులతో వెళ్లారు. సందు మలుపులో మట్టిగోడ కూలి మీద పడింది. నేను ఒక్కసారి తల తిప్పి, ఆస్కా మీదుగా పోయేదా అని అడిగి ఉంటే చాలు.

పదిరోజులు పోయాక ఆయన పక్కన పనిచేసే అతను వచ్చాడు. “ఆ కార్డు ఆస్కా కట్టలోనే ఉంది, వదినా. అందులో ఎవులెట్టేరో.”

“నాకేటి తెలుసు” అన్నాను. మళ్లీ అదే మాట.

మా అత్తగారు చచ్చేదాకా ఒకటే అనేవారు: “కూటికోసం ఇంటికి రాకపోతే నా కొడుకు బతికీవోడు.” ఆకలికి ఓర్చుకోలేని మనిషన్న పేరు ఆయనకు పడింది. కార్డు కోసం వచ్చారని నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ వాన పడితే గుమ్మానికి వీపు పెట్టి కూర్చోలేను. వెనక నీళ్లు కారుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఆయన ఇంకా అడుగుతూనే ఉన్నట్టుంటుంది.

ఇది మా తమ్ముడి కూతురు చేత రాయిస్తున్నాను. అమ్మాయీ, ఇంక కలం ఆపు. మొదట్నుంచి సదువు. ఆయన దేనికోసం ఇంటికొచ్చేరో, ఆ ముక్క గట్టిగా సదువు.