పారమూతి పేరు

అత్తిమంజేరిపేటలో పుట్టి ఏటిగట్టు పల్లెకు కోడలుగా వచ్చిన చెంగమ్మ కే.జీ.కండిగై సంతలో చేపలమ్మేది. అన్ని చేపల పేర్లూ గొంతెత్తి అరిచేది, ఒక్కదాని పేరు తప్ప.

దాన్ని ఆ పక్కనంతా పారమూతి అంటారు. మూతి పార రేకులాగా చప్పటగా ఉంటుంది. దానితో బురద తోడుకుంటూ గట్టు కింద బొరియ చేసుకుంటుంది. ఒక పారమూతి అలా తోడుతూ తోడుతూ పోయి తిరుత్తణి కొండ అడుగున తేలిందని, పూజారి దాని నుదుట విభూతి పెట్టి వెనక్కి పంపించాడని చెప్పేవాళ్ళున్నారు. నమ్మనివాళ్ళు చేప నుదుటి మీది తెల్లమచ్చ చూసుకోవచ్చు.

చిక్కంతా చెంగమ్మ మొగుడితో వచ్చింది. ఊరు అతన్నీ పారమూతి అనే పిలుస్తుంది. చిన్నప్పుడు బొరియలో తల దూరిస్తే లోపలి చేప ఒక్క గుద్దు గుద్దిందని అతని కథ. మంత్రసాని చేతుల్లోంచి జారి బోర్లా పడ్డాడని వాళ్ళమ్మ కథ. ఏ కథయినా ముక్కు మాత్రం ఒకటే, చప్పటది. అసలు పేరు వేలాయుధం. అదీ భార్య పలకరానిదే. ఆడికృత్తిక తిరునాళ్ళకు మురుగన్ కొండెక్కేటప్పుడు జనమంతా "వేల్! వేల్!" అని అరుస్తుంటే చెంగమ్మ పెదవులు బిగించుకుని, "మురుగా" దగ్గర మాత్రం అందుకునేది. మొగుడి పేరు ఒకసారి నోట వస్తే అతని ఆయుష్షులో ఒక ఏడు తెగిపోతుందని తల్లి చెప్పి పంపించింది మరి.

పూండిలో ఆనకట్ట కడుతున్న రోజులవి. ఆ సంతనాడు పొద్దుటినుంచీ చెంగమ్మ కాలు ఒకచోట నిలవలేదు. పడమర, పళ్ళిపట్టు వైపు ఆకాశం కాటుక పెట్టినట్టుంది. మొగుడేమో ఏట్లో మడుగు దగ్గరికి పోయాడు. ఆమె గంప దించింది, ఎత్తింది, మళ్ళీ దించింది.

"ఏమే చెంగమ్మా, ఈరోజు ఆయన వచ్చినారా?" అంది చేపలు కొనే పొన్నమ్మ, సంతకొచ్చిన ప్రతిసారీ అడిగినట్టే.

"వచ్చినారక్కా. గంప అడుగున పండుకోనుండారు."

"లావుగా ఉండారా?"

"పోయిన వారం కంటే బాగుండారు."

"అట్లయితే తల తీసేసి, ముక్కలు చేసి ఇయ్యి."

చుట్టూ నవ్వులు. చెంగమ్మ కళ్ళు మూసుకుని, లోపల దణ్ణం పెట్టుకుని, కత్తి దించింది.

పక్కన ఎండుచేపలమ్మే జ్ఞానమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "నేను మా ఆయన్ని పేరు పెట్టి ఏసూ అనే పిలుస్తా. పొద్దున ప్రార్థనలో ఎట్లానూ చెప్పాల్సిందే కదా! ఇంతకాలం పిలిచినా గుండురాయి మాదిరి ఉండాడు."

"మీ సామి ఓర్చుకుంటాడు. మా సామి లెక్క పెడతాడు," అంటూ చెంగమ్మ మళ్ళీ పడమరకు చూసింది. అక్కడ మెరిసింది. ఇంక ఆగలేకపోయింది. "అక్కా, గంప చూసుకో," అని జ్ఞానమ్మకు చెప్పి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగు తీసింది.

ఏటిగట్టు ఎక్కేసరికి ఒక చప్పుడు వినబడింది. దూరాన రైలు వంతెన దాటుతున్నట్టుంది, కానీ అటు రైలు లేదు. పైన కురిసిన వాన ఏరై వస్తోంది. కింద ఏరు ఇంకా ఎండిన ఇసుకే. ఆ ఇసుక మధ్య మడుగు ఒడ్డున వేలాయుధం ఒక్కడే బోర్లా పడుకుని, భుజం దాకా చెయ్యి బొరియలో పెట్టి ఉన్నాడు. చెవి నీళ్ళకు ఆనుకుని ఉంది.

"ఏమయ్యో!" అని అరిచింది.

అతను తల ఎత్తకుండానే రెండో చెయ్యి ఊపాడు. ఉండు, వస్తా అని. రోజూ కూటికి పిలిచినప్పుడు ఊపే చెయ్యే అది.

"ఏమయ్యో! ఏరొస్తాండాది!"

పిలుపు తప్ప మాట చెవిన పడినట్టు లేదు, చెయ్యి మళ్ళీ ఊగింది. చేప మూతి వేళ్ళకు తగులుతోంది కాబోలు, ఇంకాస్త లోపలికి దూరాడు.

మలుపు దగ్గర ఎర్రనీళ్ళు కనబడ్డాయి. ముందు నురగ, నురగ మీద ముళ్ళకంపలు. పరుగెత్తి దిగితే ఆమె చేరేలోపు అవి చేరతాయి. చెంగమ్మ గొంతులో తల్లి మాట అడ్డం పడింది. ఒక ఏడు. ఆమె మొగుణ్ణి చూసింది, నీళ్ళను చూసింది.

"ఒరే పారమూతీ!"

ఆ పేరును ఊరి మగవాళ్ళ నోట విన్నదే తప్ప తాను ఎప్పుడూ పలికి ఎరగదు. అందుకే ముందున్న "ఒరే" కూడా దానితో పాటే ఊడిపడింది.

వేలాయుధం తేలు కుట్టినవాడిలా లేచి నిలబడ్డాడు. ఏరు వచ్చినందుకు కాదు. ఆ గొంతులో ఆ పేరు వినబడినందుకు. గట్టు మీద భార్యను చూసి నోరు తెరిచాడు. ఆమె చూపు పట్టుకుని వెనక్కి తిరిగాడు. ఆ తరవాత అతను పరుగెత్తిన వేగానికి కాళ్ళ కింద ఇసుక పొగలేచిందంటారు. ఎర్రనీళ్ళు అతని తువ్వాలునూ బుట్టనూ తీసుకుపోయాయి. బొరియలోని చేప మాత్రం ఎవరికీ చిక్కలేదు.

గట్టు మీద ఇద్దరూ కూలబడ్డారు.

"ఏమని పిలిచినావు నన్ను?" అన్నాడు రొప్పుతూ.

చెంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నీకు ఒక ఏడు తగ్గించేసినానయ్యా."

అతను ఏటివైపు చూశాడు. "ఒక ఏడే కదా! ఆ ఏరు మొత్తం అడిగింది."

చేతికంటిన బురద దులుపుకుంటూ గొణిగాడు. "పేరంటే సరే. ఒరే అని ఎందుకంటివి?"

ఆమె ఏడుపు మధ్యలో నవ్వింది, నవ్వు మధ్యలో మళ్ళీ ఏడ్చింది.

సంతలో మాత్రం ఆ చేప ఎప్పటిలాగే "ఆయన"గానే ఉండిపోయింది. వేలాయుధంలోనే కొంచెం మార్పు వచ్చింది. బొరియలో చెయ్యి ఎంత లోపలున్నా, చేప వేళ్ళకు ఎంత తగులుతున్నా, గట్టు మీదినుంచి "ఏమయ్యో" అని ఒక్క పిలుపు వినబడితే చాలు, వదిలేసి వచ్చేవాడు. ఆగితే తరవాతి పిలుపులో ఏముంటుందో అతనికి తెలుసు.