రెడ్డియార్ విమానం, సరోజమ్మ గ్రైండరు

2007లో నన్ను ఒర్లియంపేట సెక్షన్‌కు జూనియర్ ఇంజనీరుగా వేశారు. విద్యుత్ శాఖలో సెక్షన్ అంటే అన్నిటికన్నా చిన్న కార్యాలయం. ఫ్యూజు పోయినా, కొత్త మీటరు కావాలన్నా జనం మొదట వచ్చేది అక్కడికే. ఫిర్యాదుల విచారణ జూనియర్ ఇంజనీరు పని. వాటిలో ఎక్కువ భాగం ఇంటి కనెక్షన్ మీద వ్యాపారం చేస్తున్నారని వచ్చేవి. ఇంటికి ఒక టారిఫ్, అంటే ఒక రేటు. వ్యాపారానికి అంతకన్నా ఎక్కువ రేటు. ఎవరైనా ఇంటి కరెంటుతో నాలుగు కుట్టుమిషన్లు నడుపుతుంటే ఆ సంగతి మాకన్నా ముందు పక్కింటివాళ్ళకు తెలుస్తుంది.

నేను చేరిన కొత్తలోనే సరోజమ్మ అనే ఆవిడ వచ్చి, పక్కింటి గోవింద రెడ్డియార్ మేడమీద జిమ్ము నడుపుతున్నాడని ఫిర్యాదు చేసింది. ఎలా తెలిసిందని అడిగాను. సాయంత్రమయ్యేసరికి మోటార్ల హోరు, గోడ అదరడం, ఆపైన ఒక మగగొంతు ఇంగ్లీషులో "పుల్ అప్, పుల్ అప్" అని గద్దించడం. అది చాలదన్నట్టు, సరిగ్గా ఆమె సీరియల్ చూసే వేళకు టీవీ నిండా గీతలు.

"పిలకాయల్ని పెట్టుకోని కసరత్తు చేపిస్తా ఉండాడు సార్. యాడ నుంచి వస్తారో, యాడికి పోతారో, ఒకడు కూడా కంటికి కనపడడు," అంది.

కనపడని పిలకాయల సంగతి నాకూ వింతగానే తోచింది. అయినా ఫిర్యాదు వచ్చాక తనిఖీ చెయ్యక తప్పదు. అదీ అనుమానం ఉన్న యంత్రాలు నడిచే వేళలోనే చెయ్యాలి. అందుకని ఒక సాయంత్రం వెళ్ళి తలుపు తట్టాను.

తలుపు తీసిన మనిషిని చూడగానే సగం కేసు తేలిపోయింది. రెడ్డియార్ సర్వే శాఖలో పనిచేసి రిటైరయినవారు. బక్కపలచటి మనిషి, కళ్ళద్దాలకు తాడు. ఆయన దగ్గర కసరత్తు నేర్చుకోవడానికి ఎవరైనా వస్తే, ఆయన్ను చూసి గుమ్మంలోంచే వెనక్కి పోతారు. నేను వచ్చిన పని చెప్పాను. ఆయన చెప్పులు విడిచి పైకి రమ్మన్నారు.

మేడమీది గదిలో విమానం ముందుభాగం ఉంది. ప్లైవుడ్‌తో చేసి బూడిదరంగు వేశారు. పాత కారు సీట్లు రెండు, ఎదురుగా కంప్యూటర్ తెర, దానికింద వరసలుగా స్విచ్చులు. చక్రాలు దించే మీటకు గరిటె పిడి బిగించారు. సీటు కింద పెద్ద స్పీకరు పెట్టారు. గోడను అదరగొట్టేది అదే. ప్రతి స్విచ్చు నుంచీ ఒక తీగ మైక్రోకంట్రోలర్ అనే చిన్న చిప్పుకు పోతుంది. ఏ స్విచ్చు వేశారో అది కనిపెట్టి కంప్యూటరుకు చెబితే, తెరమీద విమానం ఆ ప్రకారం ఎగురుతుంది. దానికి ప్రోగ్రాము రాయడం ఆయన పుస్తకాలు చూసి నేర్చుకున్నారు. నిజం విమానం ఎన్నడూ ఎక్కలేదట. ఎందుకని అడిగాను.

"టికెట్టు కొంటే ఎనకాల కూచోబెడతారు సార్. నాకు ముందర కూచోవాల," అన్నారు.

జిమ్ము లేదని రాసుకుని దిగిపోవలసింది. కానీ ఆయన వదల్లేదు. రెండు నెలలుగా ప్రతి సాయంత్రం మద్రాసులో దిగడానికి ప్రయత్నిస్తున్నారు. ఒక్కనాడూ దిగలేదు. రన్‌వే దగ్గరికి రాగానే చక్రాలు వాటంతటవే లోపలికి ముడుచుకుపోతాయి. యంత్రం హెచ్చరిస్తుంది, ఈయన కంగారుపడతారు, విమానం కూలిపోతుంది. ప్రోగ్రామంతా మూడుసార్లు తిరగరాశారు. చివరికి ఆయన తేల్చుకున్నది, ఈ వీధి కరెంటులోనే ఏదో దోషం ఉందని. దోషం మా శాఖ మీదికి వచ్చాక నేను లేచిపోవడం బాగుండదు. కుడిసీట్లో కూర్చున్నాను.

మద్రాసు దీపాలు దగ్గరపడ్డాయి. చక్రాలు దిగినట్టు పచ్చదీపం వెలిగింది. అంతలో గోడ అవతల గ్రైండరు గడగడమంటూ మొదలైంది. పచ్చదీపం ఆరిపోయింది. "పుల్ అప్," అంటే పైకి లేపమని యంత్రం అరుస్తుండగా మేమిద్దరం ఒక పొలంలో పడ్డాం.

"చూసినారా," అన్నారు రెడ్డియార్, ఏ మాత్రం ఆశ్చర్యం లేకుండా.

ఈ శాఖలో చేరకముందు నేను సేదరపేట్‌లో కంట్రోల్ ప్యానెళ్ళు చేసే కంపెనీలో ఉండేవాణ్ణి. అందుకని ప్యానెల్ వెనక్కి దూరి చూశాను. స్విచ్చు వెయ్యనప్పుడు, దాని తీగ వచ్చి కలిసే చిప్పు కాలిమీద అయిదు వోల్టులు నిలిచి ఉండాలి. అలా నిలబెట్టడానికి ఒక చిన్న రెసిస్టర్ వెయ్యాలి. ఈయన వెయ్యలేదు. వెయ్యకపోతే ఆ కాలు గాలిలో వేలాడుతున్నట్టే. దగ్గరలో ఏ మోటారు తిరిగినా, చక్రాలు ముడిచే స్విచ్చు వేశారని చిప్పు అనుకుంటుంది. తీగలన్నీ సరోజమ్మ గోడ వెంబడే పోతున్నాయి. ఇక ప్యానెల్ దీపాల కాంతి తగ్గించడానికి ఆయన పెట్టిన నాసిరకం డిమ్మరు అవతలి టీవీలో గీతలు గీస్తోంది. ఆమె గ్రైండరు ఈయన విమానాన్ని కూలుస్తోంది, ఈయన విమానం ఆమె సీరియల్‌ను చెడగొడుతోంది.

ఆ రెసిస్టరును పుల్-అప్ అంటారనీ, రెండు నెలలుగా యంత్రం అడుగుతున్నది కూడా అదేననీ నేను చెబితే రెడ్డియార్ నవ్వలేదు. ఎన్ని కావాలని అడిగారు.

గ్రైండరు చూడటానికి పక్కింటికి వెళ్ళాను. అది ఇంటి గ్రైండరు కాదు, హోటల్లో ఉండే సైజుది. పక్కన వీధివాళ్ళ గిన్నెలు మూతలతో సహా బారులు తీరి ఉన్నాయి. సరోజమ్మ ఇడ్లీ మావు, అంటే పిండి, రుబ్బి అమ్ముతోంది. నా చూపు ఎక్కడ ఉందో ఆమె కనిపెట్టింది.

"ఇంటికే సార్," అంది.

ఇంట్లో ఉన్నది ఇద్దరే కదమ్మా అన్నాను.

"ఆయనకి ఇడ్లీ అంటే ప్రాణం సార్."

భర్త చెల్లప్ప ఆ మాట విని గిన్నెలవైపు ఒకసారి చూసి తల వంచుకున్నాడు.

మరుసటి వారం రెడ్డియార్ రెసిస్టర్లు వేసి, డిమ్మరు తీసేసి కబురు పెట్టారు. దోషం పోయిందని నమ్మాలంటే, దాన్ని పుట్టించిన పరిస్థితిలోనే పరీక్షించాలి. అంటే విమానం దిగే క్షణంలో గ్రైండరు తిరగాలి. సరోజమ్మ మాత్రం ఆ జిమ్మేదో కళ్ళారా చూస్తానని మేడెక్కి కుడిసీట్లో కూర్చుంది. గ్రైండరు చెల్లప్పకు అప్పగించాం. నేను గోడమీద కొడితే వెయ్యాలి, మళ్ళీ కొడితే ఆపాలి.

రన్‌వే కనిపించగానే కొట్టాను. గడగడ మొదలైంది, పచ్చదీపం చలించలేదు. ఆపించాను, మళ్ళీ వేయించాను. దీపం అలాగే ఉంది. విమానం నేలను తాకి, ఒకసారి ఎగిరిపడి, పరుగెత్తి ఆగింది. రెడ్డియార్ మీటను పట్టుకున్న చెయ్యి తియ్యలేదు.

"యాడికొచ్చినాం రెడ్డియారన్నా?" అని అడిగింది సరోజమ్మ.

"మద్రాసుకి."

"ఒకరన్నా దిగలేదే."

ఇంజన్లు ఆపేదాకా ఎవరూ దిగకూడదని ఆయన గంభీరంగా చెప్పి, ఒక్కొక్క స్విచ్చే ఆపారు. అంతా అయ్యేదాకా ఆమె కూడా సీట్లోంచి లేవలేదు.

రెడ్డియార్ ఇంట్లో వ్యాపారం లేదని నివేదిక రాశాను. గ్రైండరుకు వ్యాపార టారిఫ్‌లో వేరే మీటరు పెట్టించుకోవాలని సరోజమ్మకు చెప్పాను. తాను రెడ్డియార్ మీద చెబితే తనమీద రాయడం ఏం న్యాయమని ఆమె నిలదీసింది. రూలు గోడకు రెండు పక్కలా ఒకటేనన్నాను. మీటరు పెట్టించుకుంది, నాతో మాట్లాడటం మానేసింది. అయితే దాచుకోవలసిన అవసరం పోయింది కాబట్టి గుమ్మానికి బోర్డు కట్టింది. గిన్నెల వరస వీధి మలుపు దాకా పెరిగింది.

ఆ తర్వాత సర్వీసు ఉన్నన్నాళ్ళూ నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరు ఎవరి మీద ఫిర్యాదు చేసినా, ముందు ఫిర్యాదు చేసినవారి మీటరు చూసేవాణ్ణి. దోషం సగంసార్లు అక్కడే దొరికేది. ఈ సంగతి పేటలో తెలిశాక ఫిర్యాదులు కూడా తగ్గాయి.