నీళ్లు కోసిన పువ్వు

“దుమ్ము లేవదా అప్పా?”

“యాడ లేస్తాదమ్మా? కోసేదే నీళ్లు గదా.”

నంద్యాల బస్సులో పక్క సీటు మనిషితో, ఆళ్లగడ్డలో దిగేముందు, నేనాడిన చివరి మాటలివి. ఆయన ఒళ్లో నల్లరాతి పలక, అందులో పొదిగిన తెల్లరాతి పువ్వు. గట్టిగా చిమ్మే నీటితో మిషన్ కోసిందట. చూడమని చేతికిచ్చాడు. అలవాటుకొద్దీ ఉఫ్‌మని ఊదాను.

“ఏందమ్మా, కాలుతాందా?” అని నవ్వాడు.

మా ఆయన శిల్పాలు చెక్కేవాడు. ఉలి ఆగినప్పుడల్లా రాతి మీది దుమ్ము ఊదడం నా పని. ఆ దుమ్మే రొమ్ములో చేరి ఆయన పోయి అప్పటికి ఆరు నెలలు. పువ్వు తిరిగిచ్చేలోపు మళ్లీ ఊదాను. ఏమీ లేవలేదు.

ఈ పెద్దమ్మ చెప్పిందంతా రాసినావా? గట్టిగా చదువు పాపా. ఉలి ఆగినప్పట్నుంచి ఈ ఇంట్లో చప్పుడే లేదు.