రంగరాజులు సున్నపు గుంత

మా మేనమామ రంగరాజులుకు సున్నమంటే ప్రాణం. ఒడుగత్తూరు చుట్టుపక్కల పాత మిద్దెల గోడలకు సున్నపు పూత పూసిన చేతులు ఆయనవి. గోడ మీద అరచెయ్యి పెడితే జారిపోవాలి, అలా పూసేవాడు. తర్వాత సిమెంటు వచ్చింది. తొంభైల మొదట్లో గుడియాత్తం నుంచి వేలూరు దాకా కొత్త మిద్దెలు లేచాయి గానీ, మామను పిలిచిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. పోనీ, సిమెంటు పని నేర్చుకోవచ్చుగా? నేర్చుకోడు. చెబితే మూతి ముడుచుకుంటాడు.

చివరికి మా అత్త వరదమ్మ పూనుకుని, చెంగల్రాయలు అనే రైతు దగ్గర చిన్న ద్రాక్షతోట పాలికి తీసుకుంది. కొండ కింద రాతి కూసాలు, వాటి మీద తీగెపందిరి, పక్కన గుడిసె. నల్ల పన్నీరు ద్రాక్ష. మామ తోటకైతే వచ్చాడు గానీ సున్నాన్ని వదల్లేదు. గుడిసె వెనక గుంత తవ్వి, సున్నం నానబెట్టి, గోనెపట్టా కప్పాడు. “ఎవురో ఒకరు పిలస్తారు. నానేకొద్దీ వెన్న మాదిరి అయితాది” అనేవాడు. పిలిచేవాళ్ళు రాలేదు. ఒక ఎండాకాలం బావి అడుగంటి గుంత కూడా ఎండిపోయింది. వానలు పడగానే మామ మళ్ళీ నీళ్ళు పోసి కలిపాడు. చూడ్డానికి మునుపటి తెలుపే.

ద్రాక్షకు చలికాలంలోనే అసలు చాకిరీ. అరవ నెలల లెక్కన ఐప్పసిలో, దీపావళి నాటికి కొమ్మలు కత్తిరిస్తే, సంక్రాంతి ముందటి మార్గళికి లేతాకు, పిందె గుత్తులు. అప్పుడే కొండ మీంచి మంచు దిగుతుంది. ఆకు తడిగా ఉంటే బూజు పడుతుంది. అందుకని తెల్లవారగానే పందిరి తీగెలను కర్రతో తట్టి మంచు దులపాలి. రాగి ఉప్పైన మైలుతుత్తం నీళ్ళలో సున్నం కలిపి చల్లాలి. సున్నం చాలకపోయినా, దాని సారం పోయినా తుత్తం ఆకును మాడ్చేస్తుంది. అందుకే ఆ వైపు తోటల్లో కలిపిన మందులో కొడవలి ముంచి చూస్తారు. ఇనుము ఎప్పటిలాగే ఉంటే చల్లొచ్చు, ఎర్రగా రాగి పట్టిందంటే చల్లకూడదు.

ఆ ఏడు చెంగల్రాయలు వచ్చి తెగేసి చెప్పాడు. “ఈ పంట బాగా దిగితే తోట మీకే ఉంటాదమ్మా. లేదంటే ప్లాట్లు వేసేవాళ్ళు అడగతా ఉండారు, ఇచ్చేస్తా.”

ఆ పందిరి కింద తప్ప అత్తకు ఇంకెక్కడా నిద్ర పట్టేది కాదు. మందు కలిపే రోజు బజారు సున్నం తెస్తానంటే మామ ఇంతెత్తున లేచాడు.

“ఇంట్లో ఇంత సున్నం పెట్టుకొని బజారుకు పోతావా?”

“సరి, కొడవలి ముంచైనా చూడయ్యా.”

“చాలుమే, ఊరుకో! సున్నం సంగతి నాకే చెప్పేదానివా?”

మామ పంపు వీపుకు తగిలించుకుని పాడుకుంటూ తోటంతా చల్లాడు.

అంతే, మర్నాటికి లేతాకు అంచులు నల్లబడ్డాయి. వారం తిరక్కుండా పిందెలు ముట్టుకుంటే రాలిపోయాయి. నేను వెళ్ళేసరికి మామ డ్రమ్ములో మిగిలిన మందులో కొడవలి ముంచి చూస్తున్నాడు. ఎర్రగా వచ్చింది. గుంత దగ్గరికి పోయి పిడికెడు సున్నం తీసి చిదిమాడు. “గుంత ఎండినప్పుడే చచ్చిపోయుండాదే నా సున్నం” అని చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు కోపం కూడా రాలేదు.

చెంగల్రాయలు మాట తప్పలేదు. శివరాత్రి వచ్చే మాసి నెలకల్లా కూసాలు పెరికేశారు, ప్లాట్లకు రాళ్ళు పాతారు. అత్త గుడియాత్తంలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ పనికి పోయింది. మామ అద్దె ఇంటి అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్ళందరికీ ఒకటే మాట చెప్పేవాడు: “ఆమె కొడవలి ముంచమనింది, నేనే విన్లేదు.” పోయేదాకా ఆ మాటే.

ఆయన పోయిన నెలకు అత్త దగ్గర కూర్చుంటే, అగ్గిపుల్లలు పేర్చుకుంటూ ఉన్నట్టుండి అంది.

“ఆ దినం నేను ముంచి చూసినా, పాపా.”

“ఏం చూశావు?”

“కొడవలి. ఆయన ఒక వరస చల్లినాడు, అంతే. ఎర్రగా ఉండాది. చెప్పేదానికని పోతిని. పాడతా ఉండాడు. ఎన్నేండ్లకో ఆయన పాట ఇన్నాను. నాలుగాకులు మాడతాయి, అంతేలే అనుకుంటి.”

నాకు ఒళ్ళు మండింది. “అయ్యో అత్తా! ఆయన తప్పంతా తనదేనని కుమిలి కుమిలి చచ్చిపోయాడే! అప్పుడైనా చెప్పకూడదా?”

“ఎట్ల చెప్పేది? సున్నం చచ్చిందని ఆయనకన్నా ముందు నాకు తెలుసునని చెప్పేదా?”