గది గదికీ మారిన హద్దు

నేను ఒట్లు వేసే రకం కాదు. దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళంటే నాకు అసహ్యం. కానీ ఇది కబురు కాదు... నా కళ్ళ ముందే జరిగింది. నమ్మితే నమ్మండి, లేకపోతే దుప్పటి ముసుగేసుకుని పడుకోండి.

నంద్యాలలో వీధికో కంప్యూటర్ సెంటర్ వెలిసిన రోజులవి. చెప్పేవాళ్ళకూ రాదు, వినేవాళ్ళకూ రాదు. నేను మాత్రం ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి. ఆళ్లగడ్డలో ఒక శెట్టిగారికి కోల్డ్ స్టోరేజీ ఉండేది. రైతుల శనగ విత్తనాలు దాచే చోటు. ఏ గదిలోనైనా వేడి హద్దు దాటితే సైరన్ మోగేలా ఒక ప్రోగ్రాం రాసిచ్చాను. హద్దు పది డిగ్రీలు. అది ఒక్కో గదికి విడిగా ఉండదు. గదులన్నింటికీ మూసగా రాసే క్లాసులో ఒకే చోట ఉంటుంది, గదులన్నీ దాన్నే చూస్తాయి. ఇలాంటి ఉమ్మడి విలువలకు మెథడ్లనే కోడు ముక్కలను, చదివేది ఒకటి, మార్చేది ఒకటి, చేత్తో రాస్తూ కూర్చునే మేధావులను చూస్తే నాకు ఒళ్ళు మంట. పేరు ఇస్తే చాలు, ఆ రెండూ తానే పుట్టించే చిన్న ప్రోగ్రాం నేను తయారు చేసుకున్నాను.

ఒకరోజు శెట్టిగారు ఫోన్ చేశారు. రాత్రిళ్ళు హద్దు మారిపోతోందట. పది కాస్తా ఇరవై అవుతోంది, సైరన్ మోగడం లేదు. ఒక గదిలో విత్తనం అప్పటికే పాడైంది.

"ఓబులేసే మారుస్తాండాడప్పా. సైరన్ మోగితే వాని నిద్ర చెడతాది కదా. నువ్వొచ్చి తేల్చు, రేపే వాన్ని పంపించేస్తా" అన్నారు.

ఓబులేసు అక్కడ రాత్రి కాపలా. నాకూ వాడి మీదే అనుమానం. సాయంత్రం బస్సెక్కి వెళ్ళాను.

"నేను చెయ్యి పెట్టలేదన్నా, నర్సింసామి తోడు. ఈ పని పోతే పిల్లోల్లకు కూడు యాడిది?" అన్నాడు ఓబులేసు.

ప్రమాణాలు... ఏడుపులు... చిరాకేసింది. మార్చే మెథడ్ అసలు పుట్టకుండా చేశాను. చదివేది మాత్రం ఉంచాను. ఇక ఏ మొనగాడు మారుస్తాడో చూద్దామని కీబోర్డు కూడా పీకి ఒళ్ళో పెట్టుకున్నాను. ఓబులేసును ఎదురుగా కూర్చోబెట్టాను.

కంప్రెసర్ గుర్రుమంటోంది. అమోనియా వాసన. దోమలు. స్క్రీన్ మీద గదులు వరసగా... అన్నింటి కిందా పది... పది... పది...

కంప్రెసర్ ఆగింది.

మొదటి గది కింద... ఇరవై.

మిగతావన్నీ పదే.

మీకు అర్థం కాదులెండి, అయినా చెబుతాను. ఉన్నదే ఒక్క విలువ. మారితే అన్ని గదులకూ ఒక్కసారే మారాలి. ఒకదాని కింద ఇరవై, పక్కదాని కింద పది ఉండనే ఉండవు. కాసేపటికి... రెండో గది మారింది. ఆగి... మూడోది. ఎవరో తీరిగ్గా నడుస్తూ, ప్రతి గది దగ్గరా నిలబడి చూసుకుంటూ వస్తున్నట్టు.

చివరి గది మాత్రం పది దగ్గరే ఉండిపోయింది.

"అన్నా..." ఓబులేసు పక్క గోడ వైపు చెయ్యి చూపించాడు. "ఆ గది మనం కూర్చున్న ఈ గోడ పక్కదే."

గోడకు చెవి ఆనించాలనుకున్నాను. ఆనించలేదు. భయమేసింది... అవును, నాకే. ఆ పదిని చూస్తూ తెల్లారేదాకా ఇద్దరం కదల్లేదు. అది మారలేదు.

పొద్దున శెట్టిగారితో, ఓబులేసు తప్పేం లేదు, రాత్రంతా నా ఎదుటే ఉన్నాడని చెప్పాను.

"మరెవురు?"

తెలియదన్నాను. ఆయన నన్ను పురుగును చూసినట్టు చూశారు. "సరేలే ఓబులేసూ, నీ పని నీకుండాది, పో" అన్నారు.

ఓబులేసు తాళాల గుత్తి బల్ల మీద పెట్టాడు.

"తప్పు నాదంటే ఎట్లో పడుంటాంటి సామీ. నేను కాదని తేలినాక ఈడ ఒక్కణ్ణే ఎట్లుండేది?"

వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

స్క్రీన్ ఆ అంకెలను నెమ్మదిగా చూపించిందేమో అంటారు కొందరు తెలివిమంతులు. అది అన్నింటినీ ఒకేసారి చూపిస్తుంది, రాసింది నేనే. ప్రోగ్రామంతా ఎన్నోసార్లు చదివాను. తప్పు దొరకలేదు. అందులో తప్పుందో, ఆ గదుల్లో ఎవరున్నారో... నాకు ఇప్పటికీ తెలియదు.

"ఈ రాత్రికి నువ్వుండప్పా" అన్నారు ఆ పొద్దున శెట్టిగారు తాళాలు నా వైపు జరుపుతూ. నేను దయ్యాలను నమ్మను. దొరికిన మొదటి బస్సుకే నంద్యాల వచ్చేశాను.