ఒక చాయ్‌కు ఎన్ని నిమిషాలు?

మా ఫోర్‌మన్ బెన్‌హర్ అన్నకు గడియారంతో పని లేదు. ఆయన కాలాన్ని చాయ్‌లలో కొలుస్తాడు. నిజామాబాద్ నుంచి బోధన్‌కు బస్సు ప్రయాణం అర చాయ్, రైలు గేటు పడితే ముప్పావు. చర్చిలో పాస్టరు గారి ప్రసంగం ఒక చాయ్, క్రిస్మస్ ముందైతే ఒకటిన్నర. మోకాలి నొప్పి ఎప్పటి నుంచని డాక్టరు అడిగితే వేళ్లు లెక్కపెట్టి, "ఒక రెండొందల చాయ్‌లు అయితుండొచ్చు సార్" అన్నాడట. డాక్టరు మోకాలి సంగతి వదిలేసి చాయ్ తగ్గించమని రాసిచ్చాడు.

తమాషా ఏమిటంటే, ఆయన అసలు చాయే తాగడు. "గ్యాస్ పడ్తది" అంటాడు.

మాది రేకుల పని చేసే షెడ్డు. జక్రాన్‌పల్లి రైతులకు పసుపు ఉడకబెట్టే డ్రమ్ములు, బోధన్ వైపు వాళ్లకు బెల్లం వండే పెద్ద కడాయిలు చేస్తాం. వేణు రేకులు కోస్తాడు, పోశయ్య కాక వంచుతాడు, సిద్దిరాములు వెల్డింగ్ చేస్తాడు. నేను, అంటే సుమన, అద్దాల గదిలో కంప్యూటరు ముందు కూర్చుంటాను. చాయ్ ఎప్పుడు రావాలో నిర్ణయించేది బెన్‌హర్ అన్న. దూలానికి వేలాడే రేకుముక్కను ఆయన సుత్తెతో టంగు టంగుమనిపిస్తే, రోడ్డు అవతలి నుంచి గంగుబాయి కెటిల్ పట్టుకుని బయల్దేరుతుంది. అప్పటిదాకా మా వాళ్లకు చాయ్ లేదు.

మొన్న జనవరిలో మా షెడ్డు యజమాని ధనుంజయ్ సేటు హైదరాబాదులో ఏదో ఎగ్జిబిషన్‌కు వెళ్లి ఒక సాఫ్ట్‌వేర్ కొనుక్కొచ్చాడు. ఏ పని ఏ మిషను మీద ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోవాలో అదే చెబుతుందట.

"ఎవలు ఎంత సేపు చేస్తున్నరో గూడ తెలుస్తది సుమనా," అన్నాడు. "నెలాఖరుకు రిపోర్టు తియ్యి. సీజన్ అయినంక, అందరికన్న స్లో ఉన్నోన్ని ఇంటికి పంపిద్దాం."

ఆ మాట నాకు నచ్చలేదు. నచ్చలేదని చెప్పే ధైర్యమూ లేదు. నోట్‌బుక్ పట్టుకుని షెడ్డులోకి వెళ్లాను.

"అన్నా, ఒక డ్రమ్ముకు రేకులు కోయనీకి ఎంత టైమ్ పడ్తది?"

"ఒక చాయ్."

"వంచనీకి?"

"ఒక చాయ్."

"వెల్డింగ్‌కు?"

"గది గూడ ఒక చాయే."

"గట్లెట్లన్నా? మూడు వేరే వేరే పనులు గద!"

"చాయ్ ఒక్కటే గద చెల్లె."

"నిమిషాలల్ల చెప్పన్నా. కంప్యూటర్ల నిమిషాలే నింపాలె."

"అయితే కంప్యూటర్‌దే తప్పు," అని ఆయన వెళ్లిపోయాడు.

ఇక రేకు ఒకసారి మోగి మళ్లీ మోగేదాకా ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని నేనే కొలిచాను. సోమవారం ఒక చాయ్ తొంభై నిమిషాలు. మంగళవారం నూట ఐదు. చలి ఎక్కువున్న బుధవారం నూట ఇరవై. తూకం రాయి రోజుకో బరువు తూగితే ఆ కిరాణా వాడిని ఏమంటాం? బెన్‌హర్ అన్నను కూడా మనసులో అదే అనుకున్నాను.

శనివారం పోశయ్య కాక చుట్టాల పెళ్లికని నవీపేట్ వెళ్లాడు. వంచే మిషను మీద బెన్‌హర్ అన్నే నిలబడ్డాడు. పన్నెండు కాకముందే రేకు మూడుసార్లు మోగింది. మూడోసారి గంగుబాయి కెటిల్ లేకుండా చేతులూపుకుంటూ వచ్చింది.

"అరే దేవా! ఏమైందయ్యా ఇయ్యాల? పాలు ఇంక పొంగనే లే, మల్ల కొడ్తున్నవ్!"

బెన్‌హర్ అన్న సుత్తెను వెనక దాచుకున్నాడు. "చెయ్యి జారింది బాయీ." టంగు టంగుమని రెండుసార్లు చెయ్యి జారడం నేను ఎక్కడా వినలేదు.

సోమవారం స్టాప్‌వాచ్ పక్కన పెట్టి మనుషులను చూశాను. పోశయ్య కాక కుడి భుజం రెండేళ్ల కిందట దెబ్బతిన్నది. చలిలో చెయ్యి సరిగా లేవదు. ఒక్కో వంపుకూ ఆగి ఊపిరి తీసుకుంటాడు. వేణు కోత ఎప్పుడో అయిపోయింది. "ఖాళీగ నిలబడకు, అంచులు రుద్దు" అని బెన్‌హర్ అన్న వాడి చేతికి ఆకురాయి ఇచ్చాడు. సిద్దిరాములు పని అయిపోతే మిషను తుడవమన్నాడు. పోశయ్య కాక చివరి రేకు వంచి చెయ్యి కిందికి దించాడు.

టంగు టంగు!

అందరూ ఒక్కసారే గ్లాసులు అందుకున్నారు. ఆ షెడ్డులో ఎవరూ స్లో కాదు, అందరిదీ ఒక చాయ్ పనే. ఇన్నాళ్లూ ఆయన్ను తిక్క మనిషి అనుకున్నందుకు నాకు సిగ్గేసింది.

భోజనాల వేళ పక్కకు పిలిచాను.

"అన్నా, పోశయ్య కాక చెయ్యి దించితెనే చాయ్ వస్తది గద?"

ఆయన టిఫిన్ మూత తీసి మళ్లీ పెట్టాడు. "నాకు సుత్తె పట్టుడు నేర్పింది గాయననే. సేట్‌కు చెప్తవా?"

"రిపోర్టు ఇయ్యాలె గదన్నా."

"ఇయ్యి. అబద్ధం రాయకు. కానీ గిది గూడ రాయి. శనివారం నేను జల్దీ జల్దీ వంచిన మూడు డ్రమ్ములల్ల రెండిటికి మూత పడలే, వాపస్ వచ్చినయ్. కాక వంచినయ్ ఒక్కటి గూడ వాపస్ రాలే. ఇగ వేణు ఎంత ఉరికినా, వంచేదాంక గది ఉట్టి రేకే. కుప్ప పడ్తది, గీతలు పడ్తయ్. మరి ఉరికి ఏం ఫాయిదా?"

సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన పుస్తకం పన్నెండు పేజీల్లో చెప్పింది ఇదే. అన్నిటికన్నా నెమ్మదిగా సాగే పనిని పట్టుకుని మిగతా పనుల వేళలు వేసుకోవాలట. ఆ పేజీలు రెండుసార్లు చదివినా నాకు బుర్రకెక్కలేదు. టిఫిన్ డబ్బా పక్కన ఒక్క నిమిషంలో ఎక్కింది.

సాఫ్ట్‌వేర్‌లో కాలం కొలత దగ్గర నిమిషం, గంట, ఇతర అని ఉన్నాయి. 'ఇతర' నొక్కి 'చాయ్' అని టైపు చేశాను. ఎన్ని నిమిషాలని అడిగింది. చలి రోజు లెక్క చూసి నూట ఇరవై వేశాను. కంప్యూటరు కిక్కురుమనలేదు. ఆ లెక్క మీద వేసిన షెడ్యూలుతో బోధన్ కడాయిలు చెప్పిన తారీఖు కన్నా రెండు రోజుల ముందే లారీ ఎక్కాయి.

నెలాఖరున సేటు రిపోర్టు తిరగేశాడు.

"స్లో ఎవలు?"

"ఎవలు లేరు సేట్. అందరిది ఒక చాయే."

"ఒక చాయ్ అంటె?"

"నూట ఇరవై నిమిషాలు. పోశయ్య కాకకు చలిల గంత పడ్తది. మిగిలినోళ్లను గూడ గాయన వెనకనే నడిపించినం. కుప్ప పడలే, లేటు కాలే."

సేటు అద్దంలోంచి షెడ్డు వైపు చూశాడు. పోశయ్య కాక భుజం రుద్దుకుంటూ రేకు కొలుస్తున్నాడు. సేటు మళ్లీ కాగితం మీదికి వంగాడు.

"ఈ వాపస్ వచ్చిన రెండు ఎవలు వంచినయ్?"

"బెన్‌హర్ అన్న."

"గాయన్ను వంచే మిషన్ ముట్టుకోవద్దని చెప్పు. గది పోశయ్య పని," అన్నాడు.

నేను చెప్పాను. జీతం పెరిగినవాడిలా బెన్‌హర్ అన్న మొహమంతా నవ్వాడు.

అంతలో సేటు ఫోను మోగింది. జక్రాన్‌పల్లి రైతెవరో డ్రమ్ము గురించి అడుగుతున్నాడు. సేటు గోడ గడియారం వైపు చూశాడు, తర్వాత దూలానికి వేలాడే రేకు వైపు చూశాడు.

"నీ డ్రమ్మా? ఇంకో మూడు చాయ్‌లల్ల అయిపోతది, రా!" అన్నాడు.